స్ట్రోబ్ ముట్టని వేసవి

ఏప్రిల్ 24, శుక్రవారం

బడికి సెలవులు! జూన్ దాకా ఈ డ్రాయింగ్ టీచర్ అరుణశ్రీ కొత్తపేట బడిలో ఎవరికీ కనబడదు.

ఇంట్లో మాత్రం సెలవు లేదు. మా ఆయన చెయ్యి విరిగింది. ఫంక్షన్ హాళ్ళలో పెద్ద పెద్ద నిచ్చెనలెక్కి లైట్లు బిగించే చక్రపాణి, దేవుడి గూట్లో బల్బు మారుస్తూ ముక్కాలి పీట మీద నుంచి పడ్డాడు. కుడి చెయ్యి. ఆరు వారాలు కట్టు విప్పొద్దన్నాడు డాక్టరు.

ఇదేమో పెళ్ళిళ్ళ సీజను. ఎల్‌బీ నగర్ హాలు మేనేజరు బ్రహ్మం గారు పొద్దున్నే ఫోన్ చేశారు. ఆయనది విజయవాడ వైపు. ఎంత చేదు మాటైనా మర్యాదగా చెబుతారు.

"చక్రపాణి గారూ, తేదీలన్నీ మీ పేరు మీదే రాసుకున్నానండి. కుదరదంటే మొహమాటపడకండి. హయత్‌నగర్ లైట్ల వాళ్ళు ఎప్పటి నుంచో అడుగుతున్నారు."

ఫోన్ పెట్టేశాక ఆయన మొహం చూడలేకపోయాను. ఆ హాలు పోతే మళ్ళీ వీధి వీధి తిరగాలి.

"నేను పోతా" అన్నాను.

"నువ్వా?"

"రంగుల పనే గదా. బడిల నేను చేసేదేంది మరి?"

"గది గోడ మీద బొమ్మ కాదు అరుణా."

సరిగ్గా అందుకే వెళ్తున్నాను! ఆయన లైటింగ్ అంటే నాకు పెళ్ళినాటి నుంచీ తలనొప్పి. ఎరుపు, ఆకుపచ్చ, ఊదా, అన్నీ ఒక్కసారే. నేలంతా గిరగిరా తిరిగే చక్రాలు. పైగా స్ట్రోబ్. అంటే పిడుగులు పడ్డట్టు టపటపా కొట్టుకునే తెల్ల లైటు. మా చెల్లి పెళ్ళిలో దాని దెబ్బకు పప్పన్నంలో పాయసం పోసుకున్నాను.

కాబట్టి తీర్మానం. ఈ సీజనంతా:

స్ట్రోబ్ ముట్టను.
ఒకేసారి రెండు రంగులు. మూడోది లేదు.
నేల మీద డిజైన్లు ఒక ఫంక్షన్‌కు ఒక్కసారే.

మా ఆయనకు చదివి వినిపించాను. నవ్వితే చెయ్యి నొప్పి పుడుతోందట. అయినా నవ్వాడు.

ఏప్రిల్ 25, శనివారం

సోఫా గోడకు నెట్టి లైట్లన్నీ హాల్లో పరిచాం. నేనూ, సైదులూ. సైదులు మా ట్రాలీ ఆటో నడుపుతాడు, వైర్లు లాగుతాడు. మా ఆయన్ని అన్న అంటాడు కనుక నన్ను వదిన అంటాడు.

పాఠం మా ఆయనది, సోఫాలోంచి. లైట్లను నడిపే ఈ డీఎంఎక్స్‌లో బ్రహ్మవిద్య ఏమీ లేదు. లైట్లన్నిటి గుండా ఒకటే వైరు వెళ్తుంది. ప్రతి లైటుకూ ఒక నంబరు. కన్సోల్ అనే పెట్టె మీద మీటలు జరిపితే అది వైరులో నంబర్లు పిలుస్తుంది, ఎవరి నంబరుకు వాళ్ళు పలుకుతారు. అచ్చం హాజరు! ఇది నాకు రాకపోవడమేమిటి?

పదకొండు గంటలకు: అన్ని లైట్లకూ ఒకటే నంబరు ఇచ్చానట. ఎర్ర మీట జరపగానే క్లాసు క్లాసంతా ఒక్కసారే "ప్రెజెంట్ టీచర్" అంది. టీవీ ముందున్న మా అత్తమ్మ అంజమ్మ కేక పెట్టింది.

"ఏందే గిది! సీరియల్ల అందరు నెత్తురు కక్కుతున్నరు!"

మధ్యాహ్నం: ఘోరం జరిగింది. ఎరుపులో ఆకుపచ్చ కలిపాను. పసుపు వచ్చింది! పసుపు! బడిలో ఏటా పిల్లలకు అది మట్టిరంగు అవుతుందని నేర్పుతున్నాను. రంగు డబ్బాల లెక్క వేరు, వెలుతురు లెక్క వేరట. సోఫాలోంచి మా ఆయన "ఊఁ, ఇంక చెప్పు టీచరమ్మా" అన్నట్టు చూశాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

సాయంత్రం: కన్సోల్ మీద ఐదో మీట స్ట్రోబ్‌ది. దాని మీద ప్లాస్టర్ అంటించాను. విషయం అక్కడితో సరి.

ఏప్రిల్ 26, ఆదివారం

మొదటి ఫంక్షన్. ఓణీల వేడుక. విజయం!!

గులాబీ రంగు, దానికి తోడు లేత పసుపు. రెండే. అమ్మాయి నడిచి వస్తుంటే వేదిక మెల్లగా తెల్లవారినట్టు వెలిగింది. పోచంపల్లి చీర కట్టుకున్న ఒకావిడ వెతుక్కుంటూ నా దగ్గరకు వచ్చింది. "షాపుల గూడ గింత మంచిగ కనబడలే నా చీర" అంది. ఆవిడను ముద్దు పెట్టుకోవాలనిపించింది.

బ్రహ్మం గారు చేతులు కట్టుకుని చూశారు. "బాగుందండీ మేడం గారూ. చాలా... ప్రశాంతంగా ఉంది."

ఆ చుక్కలేంటో అర్థం కాలేదు. అయినా బాగుందన్నారు కదా!

ఏప్రిల్ 29, బుధవారం

సంగీత్. వెన్నెల రాత్రిలా ఉండాలని నీలం ఒక్కటే వేశాను. రెండో రంగు కూడా వద్దనుకున్నాను. అంత నిగ్రహం!

పెళ్ళికూతురు మెరూన్ లంగా వేసుకుంది. నీలం వెలుతురులో మెరూన్ నల్లబడుతుందని ఎవరైనా చెప్పొద్దా? అమ్మాయి వేదిక ఎక్కగానే లంగా బొగ్గయింది. ఫొటోగ్రాఫర్ పరుగెత్తుకొచ్చాడు. "మేడం, తల ఒక్కటే కనిపిస్తున్నది, కింద ఏం లేదు!"

గబగబా తెలుపు వేశాను. మొహాలకు గులాబీ. మొత్తం మూడు. తెలుపు రంగు కాదు. డ్రాయింగ్ టీచర్‌ను, నాకు తెలుసు. తీర్మానం పదిలంగానే ఉంది.

డాన్సులప్పుడు ఒక కుర్రాడు వచ్చి చాలా మర్యాదగా అడిగాడు. "ఆంటీ, కరెంటు తక్కువొస్తున్నదా?"

పెళ్ళికూతురి మేనమామ అంత మర్యాద కూడా పెట్టుకోలేదు. "గిదేంది మేడం, దవాఖానకు వచ్చినట్టున్నది. జర ఊపు తేరాదుండ్రి?"

ఊపు తేలేదు. తలెత్తుకునే ఇంటికి వచ్చాను. ఆటోలో మాత్రం సైదులు మెట్రో స్టేషన్ దాటేదాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. సైదులు మాట్లాడకపోవడం అంటే చాలా పెద్ద విషయం.

ఏప్రిల్ 30, గురువారం

బ్రహ్మం గారి ఫోన్. నిన్నటి పార్టీ వాళ్ళు పెళ్ళికి లైట్లు హయత్‌నగర్ వాళ్ళకు చెప్పుకున్నారు. "నేనేం అనుకోవట్లేదండీ. మీరు కూడా ఏం అనుకోకండి."

మా ఆయన స్పీకర్‌లో అంతా విన్నాడు.

"ఐదో మీట ఉన్నది అందుకే గదా" అన్నాడు.

"గలీజుగ ఉంటది."

అనగానే నాలుక కరుచుకున్నాను. ఆయన కట్టు కట్టిన చేతిని ఒళ్ళో సర్దుకున్నాడు.

"అయితే ఇన్నేండ్లు నేను చేసింది గలీజు పనా?"

"నీ పనన్నానా? ఆ లైటునన్న."

"ఆ లైటేసింది నేనే గదా."

టీవీ సౌండు పెంచాడు. ఎడమ చేత్తో. భోజనానికి కూడా రానన్నాడు. అత్తమ్మ ఇద్దరి వంకా చూసి, "లైట్లు ఆర్పి పండుండ్రి ఇగ" అంది.

మే 2, శనివారం

బాబు మొదటి పుట్టినరోజు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు వాళ్ళది.

ఈ రోజు డిజైన్లు ఒక్కసారి వాడాను. మా దగ్గర తల తిప్పే లైట్లు నాలుగున్నాయి. లోపల బిళ్ళల్లాంటివి ఉంటాయి, వాటిలో నక్షత్రాలూ పూలూ కత్తిరించి ఉంటాయి. గోబో అంటారు. వెలుతురు వాటి గుండా వచ్చి నేల మీద నక్షత్రమై పడుతుంది. కేకు కోసేటప్పుడు ఒక నిమిషం వేసి ఆపేద్దామనుకున్నాను.

నక్షత్రాలు నేల మీద కదలగానే పిల్లలు చూశారు. ఒకడు దూకి ఒకదాన్ని తొక్కాడు. అది జారిపోయింది. ఇంకోడు దూకాడు. క్షణంలో హాల్లో ఉన్న పిల్లలందరూ నక్షత్రాల వెంట! అటు తిప్పితే అటు, ఇటు తిప్పితే ఇటు. ఒక చిన్నది నక్షత్రం మీద బోర్లా పడుకుని, "దొరికిందీ!" అని అరిచింది. అది దాని వీపు మీద వెలుగుతూ ఉంది.

నేను ఆపాలా? ఎవరైనా ఆపుతారా?

భోజనాలు అయ్యేదాకా తిప్పాను. ఆపకుండా వేస్తే అది ఒక్కసారే. రెండోసారి వేస్తే కదా రెండు!

ఇంట్లో మా ఆయనకు చెప్పాలనిపించింది. మాటల్లేవు కదా. సైదులుకు చెబుతున్నట్టు గట్టిగా చెప్పాను. ఆయన టీవీ సౌండు తగ్గించాడు.

మే 6, బుధవారం

రాయాలంటే సిగ్గుగా ఉంది. రాస్తాను.

ఒక పెళ్ళికొడుకు సంగీత్. వాళ్ళ స్నేహితులు ఒక బస్సు నిండా వచ్చారు. పాట మధ్యలో డప్పులు ఆగి, మళ్ళీ అందుకునే చోట అందరూ చేతులు పైకెత్తి నా వైపు తిరిగారు. "స్ట్రోబ్! స్ట్రోబ్!"

నేను తల అడ్డంగా ఊపాను.

"స్ట్రోబ్! స్ట్రోబ్!" పెళ్ళికొడుకు తల్లి కూడా!

బ్రహ్మం గారు పక్కకు వచ్చి నిలబడ్డారు. ఏమీ అనలేదు. అనకుండా నిలబడటం ఆయనకు బాగా వచ్చు.

ప్లాస్టర్ పీకేశాను. పది సెకన్లు, అంతే అనుకున్నాను.

ఎవరికీ చెప్పకు డైరీ. ఎంత బాగుందో! నేను ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకున్నాను, చూడనేలేదు. ప్రతి మెరుపులోనూ అందరూ గాల్లో ఆగిపోతారు. ఒక పెద్దాయన కండువా సగం ఎగిరి, అక్కడే. ఒక అమ్మాయి జడ గొడుగులా విప్పుకుని, అక్కడే. బొమ్మ వెంట బొమ్మ, బొమ్మ వెంట బొమ్మ. కదిలే మనిషిని ఒక్క గీతలో పట్టుకోమని బడిలో పిల్లలను వేధిస్తాను. ఇక్కడ ఎవరో సెకనుకు పది గీస్తున్నారు!

పాట అయ్యేదాకా మీట మీద నుంచి చెయ్యి తీయలేదు. తర్వాతి పాటకు కూడా.

వచ్చేటప్పుడు సైదులు దారి పొడుగునా మాట్లాడాడు.

మే 7, గురువారం

పొద్దున కాఫీ ఇస్తూ మా ఆయనతో చెప్పాను.

"నిన్న ఏసిన."

"ఏంది?"

"అదే."

మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన మొహం వెలిగింది. కాఫీ పక్కన పెట్టి, "ఎంతసేపు?" అన్నాడు.

"రెండు పాటలు."

"స్పీడెంత పెట్టినవు? ముందుగాల మెల్లగ, ఆఖర్ల పెంచినవా?"

వారం తర్వాత మొదటిసారి ఇద్దరం మాట్లాడుకున్నాం, అదీ స్ట్రోబ్ గురించి. కాఫీ చల్లారిపోయింది. నేను ఆ కండువా సంగతి చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. "గదే" అన్నాడు. "గదే నాకు చెప్పనీకి రానిది."

తీర్మానం? నిన్న ప్రత్యేకం. తల్లి అడిగింది. తల్లి మాట కాదంటామా?

మే 8, శుక్రవారం

రిసెప్షన్. స్ట్రోబ్ వేశాను. వధువు తమ్ముడు అడిగాడు.

మే 9, శనివారం

బారసాల. ఎవరూ అడగలేదు. అయినా వేశాను. ఊయల ఊపినప్పుడు, మెల్లగా, రెండే రెండు మెరుపులు. ఐదు రంగులు. నక్షత్రాలు, పూలు, చక్రాలు. బ్రహ్మం గారు చప్పట్లు కొట్టారు. "ఇప్పుడు అచ్చం చక్రపాణి గారిలా ఉందండీ!"

ఇది పొగడ్తేనని ఇంటికి వచ్చేదాకా నాకు నేను చెప్పుకున్నాను. మా ఆయన మాత్రం విని మురిసిపోయాడు.

మే 10, ఆదివారం

నిద్ర పట్టడం లేదు, రాస్తున్నాను.

సరూర్‌నగర్ రామస్వామి గారి షష్టిపూర్తి. ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. ఆయనా, భార్య ఈరమ్మ గారూ వేదిక మీద దండలు మార్చుకుంటున్నారు. కొడుకు బాలరాజ్ కింద నుంచి వీడియో తీస్తున్నాడు. బ్యాండు వాళ్ళు గట్టిగా అందుకున్నారు. నాకు ఊపు వచ్చింది. ఎవరూ అడగలేదు. ఐదో మీట పూర్తిగా పైకి తోశాను.

ఈరమ్మ గారు వేసిన దండ వెళ్ళి పంతులు గారి మెడలో పడింది. హాలంతా నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు చూశాను. రామస్వామి గారు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి నడుస్తున్నారు. ఒక మెరుపులో వేదిక మీద. ఇంకో మెరుపులో అంచు మీద. ఇంకో మెరుపులో...

సైదులు పట్టుకున్నాడు. స్పీకర్ వైరు సర్దడానికి అక్కడే వంగి ఉన్నాడు కాబట్టి. ఆయన బరువుకు ఇద్దరూ కలిసి కూలబడ్డారు.

అన్ని లైట్లూ తెల్లగా వేసి పరుగెత్తాను. బాలరాజ్ నా మీదకు వచ్చాడు. "ఏం లైట్లమ్మా గివి? బీపీ ఉన్న మనిషి! సంపుదామనుకున్నరా?"

ఎవరో నీళ్ళు తెచ్చారు. రామస్వామి గారు రెండు గుక్కలు తాగి, తల పట్టుకుని కాసేపు కూర్చున్నారు. తర్వాత కొడుకు చెయ్యి పట్టి వెనక్కి లాగారు.

"ఊకోరా. మీ అమ్మ దండేసిన మొదటిసారి గూడ నాకు గిట్లనే కండ్లు తిరిగినయి."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మిగిలిన ఫంక్షనంతా తెల్లటి వెలుతురులోనే జరిగింది.

బ్రహ్మం గారు గేటు దాకా వచ్చారు. "మేడం గారూ, స్ట్రోబ్ వద్దని మొదట్నుంచీ అన్నది మీరే కదండీ" అన్నారు. అంత మెత్తగా చెప్పిన మాట అంత గట్టిగా ఎప్పుడూ తగల్లేదు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సైదులు ఫోన్ చేశాడట.

"ఆయనెట్లున్నడు?"

"మంచిగనే ఉన్నడు."

"నువ్వెట్లున్నవు?"

అప్పుడు ఏడుపు వచ్చింది. ఆయన ఎడమ చెయ్యి నా తల మీద వేసి, అక్కడే గుమ్మంలో నిలబెట్టుకున్నాడు. అత్తమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

మే 11, సోమవారం

ఇద్దరం పళ్ళు తీసుకుని రామస్వామి గారింటికి వెళ్ళాం. సరూర్‌నగర్ చెరువు వెనక గల్లీ. ఆయన ఒట్టి బనీనుతో కూర్చుని పేపరు చదువుతున్నారు. మోకాలు మీద చిన్న గీత. అదీ సైదులు గోరు గీసుకున్నదట.

"నాదే తప్పు. చూసుకోకుండ ఏసిన" అన్నాను.

"అయిపోయిందమ్మా. చాయ్ తాగుండ్రి."

బాలరాజ్ లోపలి నుంచి బయటకు రాలేదు. రాకపోవడమే న్యాయం.

మా ఆయన నా బదులు ఏదో చెప్పబోయాడు. ఈరమ్మ గారు మధ్యలో అందుకుంది. "గురువారం మా చిన్నదాని నిశ్చితార్థం. అధిక మాసం పడకముందే చేసేస్తున్నం. లైట్లు మీరే పెట్టాలె."

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం.

"గా మెరుపులు మాత్రం వద్దు" అన్నారు రామస్వామి గారు, పేపరు దించకుండా.

"ముట్టను" అన్నాను. ఈసారి నిజంగా అన్నాను.

మే 14, గురువారం

రామస్వామి గారి చిన్నమ్మాయి భానుప్రియ నిశ్చితార్థం. ఆకుపచ్చ పట్టుచీర. గులాబీ వేస్తే చీర చచ్చిపోతుందని ఇంట్లోనే వేసి చూసుకుని వచ్చాను. లేత పసుపు, దాని వెనక గోడ మీద నెమలి నీలం. రెండే రంగులు. నేల మీద పూలు, ఉంగరాలు తొడిగేటప్పుడు ఒక్కసారి. ప్లాస్టర్ కొత్తది వేశాను.

మా ఆయన కట్టుతోనే వచ్చాడు. వద్దన్నా వినలేదు. మొదటి వరసలో రామస్వామి గారి పక్కన కూర్చున్నాడు. అమ్మాయి వేదిక ఎక్కినప్పుడు తిరిగి నా వైపు చూశాడు. తర్వాత కన్సోల్ దగ్గరకు వచ్చాడు.

"ఎప్పుడు గీ పెట్టె ఎనకనే ఉన్న. ముందల కూసోని చూసుడు గిదే మొదలు."

"ఎట్లున్నది?"

"రెండు రంగులు మంచిగుంటయి" అన్నాడు. ఆయన నోటి నుంచి! ఒక క్షణం ఆగి, "కని జర నిద్రొస్తది" అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. ఇక్కడితో డైరీ ఆపితే ఎంత గౌరవంగా ఉండేది!

డాన్సులు మొదలయ్యాక ఈరమ్మ గారు కొంగు నడుముకు దోపుకుంటూ నా దగ్గరకు వచ్చింది.

"ఆ మెరుపులెయ్యి బిడ్డా."

"అమ్మా, సారు వద్దన్నరు!"

"సారు ఐస్‌క్రీం తిననీకి బయటికి పోయిండు. మీ ఆయనే తోల్కపోయిండు. బీపీకి మంచిది కాదన్న, అయినా పోయిండు. జల్దెయ్యి."

గేటు వైపు చూశాను. నిజమే. మా ఆయన కప్పు పట్టుకుని, రామస్వామి గారిని హాలుకు వీపు పెట్టి కూర్చోబెట్టాడు. నా వైపు చూసి తల ఊపాడు. ఆయనా, ఈరమ్మ గారూ ఎప్పుడు మాట్లాడుకున్నారో!

బ్రహ్మం గారి చేత మైకులో చెప్పించాను. "అతిథులందరికీ మనవి. ఇప్పుడు మెరుపు లైట్లు వేయబోతున్నామండీ. కళ్ళు తిరిగేవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు, చిన్నపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు దయచేసి ఐస్‌క్రీం వైపు వెళ్ళవలసిందిగా..." కొందరు లేచి వెళ్ళారు. వేదిక మెట్ల దగ్గర సైదులును నిలబెట్టాను. అప్పుడు ప్లాస్టర్ తీశాను.

ఈరమ్మ గారు చేతులు పైకెత్తి దూకింది. ఒక మెరుపులో కాళ్ళు నేల మీద లేవు. ఇంకో మెరుపులో కూతురు ఆమె చెయ్యి పట్టుకుని ఉంది. ఇంకో దాంట్లో ఇద్దరి నోళ్ళూ తెరుచుకుని, నవ్వు మధ్యలో ఆగి. పక్కన బాలరాజ్ కూడా, చొక్కా పైకి లేచి, గాల్లో!

ఒక్క పాట. పాట అవగానే ఆపేశాను.

రామస్వామి గారు తిరిగొచ్చి, చెమటలు కారుతున్న భార్యను చూసి, "ఏమైంది?" అన్నారు.

"ఏం కాలే" అంది ఆవిడ. "ఉక్కపోస్తున్నది."

మే 17, ఆదివారం

అధిక మాసం మొదలైంది. ముహూర్తాల్లేవు. లైట్లన్నీ తుడిచి పెట్టెల్లో సర్దాం. నేను తుడిచాను, మా ఆయన ఎడమ చేత్తో మూతలు పెట్టాడు. హాలు పని మాదే, చేజారలేదు. హయత్‌నగర్ వాళ్ళకు ఏం చెప్పాలో బ్రహ్మం గారు మర్యాదగా చెప్పారట.

తీర్మానం మళ్ళీ మొదలు. ఈసారి గట్టిది. స్ట్రోబ్ ముట్టను. రెండు రంగులు. డిజైన్లు ఒక్కసారి. నెల రోజులు పెళ్ళిళ్ళే లేవు కాబట్టి ఈసారి నిలబడి తీరుతుంది.

సాయంత్రం బ్రహ్మం గారి ఫోన్. "మేడం గారూ, పెళ్ళిళ్ళు లేవు గానండీ, రేపు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ వాళ్ళ ఫంక్షనుంది. ర్యాంకులొచ్చిన పిల్లలండీ. రెండేళ్ళుగా పుస్తకాల్లోంచి తలెత్తలేదంట. కాస్త ఊపుగా కావాలంటున్నారు."

మా ఆయన నా వైపు చూశాడు. నేను పెట్టెల వైపు చూశాను. పాపం పిల్లలు! రెండేళ్ళు!

"మైకులో ముందే చెప్పాలండీ" అన్నాను. "మెట్ల దగ్గర ఇద్దరు మనుషులు కావాలి."

కాబట్టి తీర్మానం ఎల్లుండి నుంచి.

ఎల్లుండి మంగళవారమట. మంగళవారం ఏ పనీ మొదలుపెట్టొద్దంటుంది అత్తమ్మ.

బుధవారం నుంచి.